రెండోసారి నడిచి వెళ్ళినందుకు

మా ఆయన రూలు మరిచిపోలేదు. ముందా మాట చెప్పి మొదలుపెడతాను. ఎందుకంటే ఈ ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర్నుంచి చర్చి మెట్ల దాకా అందరూ మరిచిపోయాడనే కూశారు. "పాపం, హాల్వర్సన్‌కి వయసు మీద పడింది, ఆఖరి ఆటలో రూలే మరిచిపోయాడట" అని. ఆ "పాపం" అన్న మాట వింటే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నా పేరు ఆర్డిస్. ఎల్మ్ ఫోర్క్ కాలేజీ బేస్‌బాల్ జట్టుకి ముప్ఫై నాలుగేళ్ళు హెడ్ కోచ్‌గా చేసిన వెర్న్ హాల్వర్సన్ భార్యని. హెడ్ కోచ్ అంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. నెబ్రాస్కాలో మా పాటి కాలేజీలో హెడ్ కోచే మైదానంలో గడ్డి కోస్తాడు. వాన పడితే పట్టా లాగుతాడు. ఊళ్ళకి ఆటకి వెళ్ళేటప్పుడు వ్యాను తోలతాడు, కుర్రాళ్ళకి మార్కులు తగ్గితే వెళ్ళి ప్రొఫెసర్లని బతిమాలతాడు. ఇక కోచ్ భార్య సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ కుర్రాళ్ళ ప్యాంట్లకి పట్టిన ఎర్రమట్టి వదలగొట్టలేక మా ఇంట్లో వాషింగ్ మెషిన్లు ఒకదాని తర్వాత ఒకటి చచ్చాయి. నేను మాత్రం చావలేదు.

వెర్న్‌ది ఒకటే పట్టుదల. బంతి విసిరేవాణ్ణి మార్చాల్సి వస్తే, మైదానం మధ్యలో వాడు నిలబడే మట్టిదిబ్బ దాకా తాపీగా నడిచి వెళ్ళి, అరచెయ్యి చాస్తాడు. వాడు బంతిని ఆ చేతిలో పెట్టి దిగిపోవాలి. ఎంత ఉడుకుమోత్తనం వచ్చినా సరే, చేతిలోనే పెట్టాలి. "కోపం ఇంటికి తీసుకుపో, బంతి నాకిచ్చిపో" అనేవాడు. ఇన్నేళ్ళలో ఎంత తలపొగరు ఉన్నవాడైనా ఆ పద్ధతి తప్పలేదు.

తన జట్టు బ్యాటింగ్ చేసేటప్పుడు ఆయన, పరుగెత్తేవాళ్ళు ఆగే మూడో బేస్ పక్కన నిలబడి సైగలు చేసేవాడు. బెల్టు బకిల్ ముట్టుకుంటే "ఆగు, బ్యాట్ తిప్పకు" అని. ఆ సైగ జట్టు కన్నా నాకే బాగా అలవాటు. పెళ్ళిళ్ళలో, చర్చి భోజనాల్లో నా నోరు లేవబోయినప్పుడల్లా ఆయన చెయ్యి బకిల్ మీదికి పోయేది. నేను మూసుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట బ్రెంట్ కెస్లర్ అని కొత్త క్రీడల డైరెక్టర్ వచ్చాడు. ఇస్త్రీ నలగని మనిషి. మార్చిలో మా ఆయన్ని గదిలోకి పిలిచి చెప్పాడు. "ఈసారి లీగ్ కప్పు గెలిస్తే మీరు ఉంటారు కోచ్ గారూ. గెలవకపోతే మరి, వయసులో ఉన్నవాళ్ళకి దారి ఇవ్వాలి కదా." వెర్న్ మర్నాడు తెల్లారి లేచి గడ్డి కొయ్యడానికి వెళ్ళాడు.

మే నెలలో ఫైనల్. మట్టిదిబ్బ మీద వెస్ పాస్పిషిల్. ఊరి బయట మొక్కజొన్న పండించే పాస్పిషిల్ వాళ్ళ అబ్బాయి. అలాంటి చెయ్యి మా కాలేజీకి ఎప్పుడో గాని దొరకదు. వాణ్ణి చూడ్డానికి పెద్ద జట్ల మనుషులు వేగం కొలిచే యంత్రాలు పట్టుకుని వల వెనక కూర్చున్నారు. జూలైలో వాళ్ళు కుర్రాళ్ళని ఏరుకుంటారు. ఆ ఏరుకోవడంలో పేరు వస్తే వాడి బతుకే మారిపోతుంది.

ఆఖరి ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు ముందున్నాం. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే కప్పు మాది, మా ఆయన ఉద్యోగం మాది. అప్పుడు వెస్ వేసిన బంతి ఒకటి ఎక్కడికో ఎగిరిపోయింది. వెర్న్ నడుచుకుంటూ వెళ్ళి వాడితో రెండు మాటలు మాట్లాడి వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత వాడు నాలుగు బంతులూ పక్కకే వేసి, బ్యాట్ పట్టినవాడికి ఊరికే ఒక బేస్ ఇచ్చేశాడు. వెర్న్ మళ్ళీ లేచాడు. మళ్ళీ దిబ్బ దగ్గరికి నడవడం మొదలుపెట్టాడు.

ఒకే ఇన్నింగ్స్‌లో ఒకే కుర్రాడి దగ్గరికి కోచ్ రెండోసారి వెళ్తే, వాడు దిగిపోవాల్సిందే. మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. వాడి బదులు రావాల్సినవాడు చెయ్యి వేడెక్కించుకోనైనా లేదు, బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. అంపైర్ రెండు వేళ్ళు చూపించి, "రెండోసారి కోచ్. వీణ్ణి మార్చాలి" అన్నాడు. వెర్న్ అందరికీ కనబడేలా నుదురు కొట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాచాడు.

వెస్ ఆ చేతిలో పెట్టలేదు. బంతిని ఆయన కాళ్ళ దగ్గర నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. స్టేడియం అంతా చూసింది. మా ఆయన వంగి, బంతి తీసుకుని, ప్యాంటుకి తుడిచి కొత్తవాడికి ఇచ్చాడు. కొత్తవాడి మూడో బంతిని అవతలివాడు కంచె దాటించాడు. వాళ్ళకి రెండు పరుగులు, మేం ఓడిపోయాం.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "నీకు మతి పోయిందా? ముప్ఫై నాలుగేళ్ళుగా చేస్తున్న పని కదా ఇది" అని వంటగదిలో గిన్నెలు ఎగిరేలా అరిచాను. ఆయన బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చున్నాడు.

"వాడికి మోచెయ్యి వాచి వేళ్ళు తిమ్మిరెక్కాయి ఆర్డిస్. బంతి పట్టు తెలియట్లేదన్నాడు."

"మొదటిసారి వెళ్ళినప్పుడే దింపెయ్యాల్సింది."

"కప్పుకి ఒక్కడి దూరంలో, బాగున్నవాణ్ణి ఎవడు దింపుతాడు? దింపితే వల వెనక ఉన్నవాళ్ళకి తెలిసిపోదూ, మోచెయ్యి పోయిందని? దింపొద్దు కోచ్, నా బతుకు పోతుంది అని ఏడ్చాడు. ఉంచితే మోచెయ్యి నిజంగానే పోతుంది." రెండో బూటు విప్పి పక్కన పెట్టాడు. "ముసలాడు రూలు మరిచిపోయాడనుకుంటే, వాడి చెయ్యి సంగతి ఎవడూ అడగడు."

నా నోరు మళ్ళీ లేచింది. వాడెవడి కోసమో నువ్వు పిచ్చివాడివైపోతావా అన్నాను. నీ పేరు నీకు అక్కర్లేదా, నాకు కావాలి అన్నాను. అంతా విని, "పెద్ద జట్టు డాక్టర్లు చూసి, వాడు ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా ఎవరికీ చెప్పనని మాటివ్వు" అన్నాడు. ఇచ్చాను. పళ్ళు నూరుకుంటూ ఇచ్చాను.

సోమవారం కెస్లర్ ఆయన్ని తీసేశాడు. తీసేశామన్న మాట వాడలేదు లెండి, "గౌరవంగా విశ్రాంతి" అన్నాడు. జూన్‌లో కాలేజీ హాల్లో మధ్యాహ్నం వీడ్కోలు విందు పెట్టారు. చిల్లీ సూపు, పక్కన దాల్చినచెక్క బన్ను, ఒక చెక్క ఫలకం. కెస్లర్ ఆ ఫలకం పైకెత్తి చూపిస్తూ, "దీన్ని ఇంటికి తీసుకెళ్ళడం మరిచిపోరు కదా కోచ్ గారూ?" అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. వెస్ రెండో వరసలో కూర్చున్నాడు. వాడూ నవ్వాడు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి వినడమే గాని, వాళ్ళు ఎదురుగా కూర్చుని బన్ను తింటుంటే చూడ్డం అదే మొదలు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. వెర్న్ చెయ్యి బకిల్ మీద ఉంది. మా ఆయన ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాను.

బయట, హాలు వెనక చెత్తడబ్బాల పక్కన మా ట్రక్కు. వెస్ అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు. జేబులోంచి ఒక బంతి తీసి, "కోచ్, ఆ రోజు ఇవ్వాల్సింది" అని ఆయన చేతిలో పెట్టాడు.

"మోచెయ్యి ఎలా ఉంది?" అన్నాడు మా ఆయన. అదీ ఆయన అడిగింది.

"వాపు తగ్గింది కోచ్."

నేను తట్టుకోలేకపోయాను. "నలుగురి ముందు నేలకేసి కొట్టావు. ఇప్పుడు చెత్తడబ్బాల వెనక చేతిలో పెడుతున్నావా నాయనా? లోపల నవ్వేటప్పుడు గుర్తు రాలేదా?"

వాడు తల ఎత్తలేదు. "ట్రక్కెక్కు ఆర్డిస్" అన్నాడు వెర్న్. ఆయన చేతిలోంచి ఆ బంతి లాక్కుని నా సంచిలో పడేసుకుని ఎక్కాను. తలుపు ఎంత గట్టిగా వేశానంటే, లోపల కెస్లర్‌కి వినబడే ఉంటుంది.

జూలైలో వెస్ పేరు వచ్చింది. పెద్ద జట్టు డాక్టర్లు వాడి మోచేతికి ఫొటోలు తీసి, అటూ ఇటూ వంచి చూసి, బాగుందన్నారు. వాడు సంతకం పెట్టాడు. ఆ ఆదివారం అగ్నిమాపక కేంద్రం షెడ్డులో పాస్పిషిల్ వాళ్ళు ఊరందరికీ భోజనాలు పెట్టారు. మమ్మల్ని పిలవలేక పిలిచారు. మే నెల నుంచి వెస్ వాళ్ళ నాన్న మా ఆయన ఎదురైతే రోడ్డు దాటిపోతున్నాడు, కొడుక్కి కప్పు పోగొట్టాడని.

కెస్లర్ లేచి ఉపన్యాసం ఇచ్చాడు. "ఆ రోజు పొరపాటున దింపకపోతే, మన వెస్ ఆ కప్పు కూడా తెచ్చేవాడే." అందరూ జాలిగా మా బల్ల వైపు చూశారు. నేను లేచాను. వెర్న్ చెయ్యి బకిల్ మీదికి పోయింది. చూశాను. చూసి కూడా ఆగలేదు. నేనిచ్చిన మాట సంతకం దాకానే.

వెస్ ముందు కేకు ఉంది. సంచిలోంచి బంతి తీసి ఆ పళ్ళెం పక్కన పెట్టాను. "ఇది నీది. మొన్న ఇచ్చిన చోటు నాకు నచ్చలేదు. ఇప్పుడివ్వు."

"ఏంటండీ ఇది, సంతోషంగా ఉన్న టైములో" అన్నాడు కెస్లర్.

"నువ్వు కూర్చో బ్రెంట్."

వెస్ బంతి వైపు చూశాడు. వాడు నోరు విప్పకపోతే నేను విప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మెల్లిగా లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు నా వేళ్ళు తిమ్మిరెక్కాయి" అన్నాడు, వాళ్ళ నాన్న వైపు చూస్తూ. "కోచ్‌కి చెప్పాను. దింపితే అందరికీ తెలిసిపోతుంది, దింపొద్దని ఏడ్చాను. అందుకని ఆయన రెండోసారి వచ్చాడు. ఆయన మరిచిపోలేదు నాన్నా. ఆయనకి అన్నీ తెలుసు. ఇన్నాళ్ళూ నేనే చెప్పలేదు."

వాళ్ళ నాన్న టోపీ తీసి బల్ల మీద పెట్టి, తల వంచుకున్నాడు. వెస్ బంతి పట్టుకుని బల్లల మధ్య నుంచి మా దగ్గరికి వచ్చాడు. వెర్న్ చెయ్యి ఇంకా బకిల్ మీదే ఉంది. నా వైపు కోపంగా చూశాడు. చూడనీ. కాసేపటికి ఆ చెయ్యి బకిల్ వదిలి, ముందుకొచ్చి, తెరుచుకుంది. వెస్ బంతిని అందులో పెట్టాడు.

ఉద్యోగం తిరిగి రాలేదు. నా కోపమూ తగ్గలేదు. ఎందుకు తగ్గాలి? అందరూ ఒక్కొక్కరే లేచి మా బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కెస్లర్ కూడా వచ్చాడు, చొక్కా సర్దుకుని, నలుగురూ చూస్తుండగా మా ఆయన వైపు కుడిచెయ్యి చాచాడు. మా ఆయన కుడిచేతిలో బంతి ఉంది. దాన్ని ఆయన రెండో చేతిలోకి మార్చుకోలేదు.