తల లేని చేప

చెరువులన్నీ ఎండి నెర్రెలు విచ్చిన ఏడాదే మృగశిర కార్తె, ఊళ్లోవాళ్ల మాటలో మిరుగం, ముంచుకొచ్చింది. ఆ రోజు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా దగ్గూ ఆయాసం తప్పవని చేవెళ్ల చుట్టుపక్కల అందరికీ గట్టి నమ్మకం. నమ్మకం సరే, చేపేదీ? చెరువుల్లో కప్పలకే దిక్కు లేదు. అందుకే చేవెళ్ల మార్కెట్లో ఏళ్ల తరబడి చేపలమ్ముతున్న మైసమ్మ, ఆమె మొగుడు సైదులు తెగించారు. మొయినాబాద్‌లోని కోల్డ్ స్టోరేజీ వాళ్లకు చెప్పి, వియత్నాం నుంచి ఓడలో వచ్చిన ఐసు చేపను పెట్టెలకు పెట్టెలు దింపించారు.

తీరా పెట్టె విప్పితే ఏముంది! తల లేదు, తోక లేదు, ముల్లు లేదు. తెల్లటి ముక్కలు రాళ్లలా బిగుసుకుపోయి ఉన్నాయి.

"మైసమ్మా, గిదేం శాపనే? తలకాయ యాడ వోయింది?" కొనడానికొచ్చిన గోపమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"దూరం పయనం గదా, బరువని ఆడనే ఇడిసిపెట్టొచ్చింది. తీస్కుంటవా, పక్కామెకు ఇయ్యాల్నా?"

తీసుకోక ఏం చేస్తుంది పాపం? ఆ పూట ఉత్త చేతులతో ఇంటికి పోతే ఊరుకుంటారా? జనం ఎగబడ్డారు. పొద్దెక్కేసరికి పెట్టెలన్నీ ఖాళీ. సైదులు ముఖం చేటంత అయింది. మైసమ్మ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. మధ్యాహ్నం భోజనానికి చిన్నల్లుడు రంజిత్ వస్తున్నాడని, పెట్టెలు విప్పడంలో సాయం చేసిన చిన్న కూతురు సింధుజ అప్పుడే చెప్పింది మరి!

వాళ్లింట్లో చేప తలకాయ అల్లుడి కంచంలోనే పడాలి. అది మర్యాద. రెండేళ్ల కిందట ఇదే రోజున పెద్ద తలకాయ పెద్దల్లుడు జైపాల్‌కు, చిన్నది రంజిత్‌కు వడ్డించింది. రంజిత్ దాన్ని ముట్టుకోనైనా లేదు. కడుపులో బాగాలేదని సగం అన్నంలో లేచి వెళ్లిపోయాడు. చిన్న తలకాయ పెట్టినందుకు అలిగాడని ఆమెకు అర్థమైపోయింది. మరుసటేడు తనే ఫోన్ చేసి, ఈసారి పెద్ద తలకాయ మీకేనని చెప్పింది. అయినా రాలేదు. ఎంత దూరమని వాళ్లుండే కొండకల్? సింధుజ ఒక్కతే వచ్చి, ఒక్కతే పోయేది. బిడ్డను అట్లా చూస్తే మైసమ్మకు కడుపు తరుక్కుపోయేది.

చిన్న తలకాయకే అంత అలిగినవాడు, అసలు తలకాయే లేదంటే మళ్లీ ఈ గడప తొక్కుతాడా?

రంజిత్ వచ్చి కూర్చున్నాడు. మైసమ్మ అన్నం, కూర వడ్డించింది.

"ఏమనుకోకుండ్రి అల్లుడు. ఈ శాపకు తలకాయ లేదు. గట్లనే వచ్చింది. నేను కావాల్నని చేసింది కాదు," అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

రంజిత్ ముద్ద పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. పక్కనున్న సింధుజ కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది.

"ఇగనన్న చెప్పరాదు," అంది మొగుడితో.

"అత్తమ్మా," రంజిత్ తల వంచుకున్నాడు. "తలకాయ లేదని పొద్దుగాల సింధు ఫోన్ల చెప్తెనే వచ్చిన. నాకు దాని కన్ను జూస్తె భయం. మీ మర్యాద కాదనలేక పెండ్లయిన కాన్నుంచి ఎట్లనో మింగిన. ఆనాడు ఇగ నాతోని కాలేదు. పోయినేడు మీరు పెద్ద తలకాయ అనంగనే, డ్యూటీ ఉన్నదని అబద్ధం చెప్పిన."

"మరి నువ్వన్న చెప్పద్దా నాకు?" మైసమ్మ కూతురి మీద లేచింది.

"చెప్పొద్దని ఒట్టు వెట్టించుకుండవ్వా! అల్లుడు శాపకు భయపడతడంటే ఊరంత నవ్వుతదట."

ఊరి సంగతేమో గానీ, సైదులుకు నవ్వి నవ్వి పొలమారింది. మైసమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండేళ్లుగా గుండె మీద మోసిన బండ దిగిపోయింది. అమ్మయ్య, తన బిడ్డ కాపురంలో ఏ లోటూ లేదు! రంజిత్ రెండోసారి, మూడోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.

బయట టపటపా చినుకులు మొదలయ్యాయి.

"చెరువు నిండితె వచ్చే మిరుగానికి మన శాపలే," అన్నాడు సైదులు హుషారుగా.

రంజిత్ చేయి కంచంలో ఆగింది.

"ఫికర్ వద్దు అల్లుడు, మీకు ముక్కలే ఏస్త," అంది మైసమ్మ.

"మరి తలకాయ ఎవలకే?" అడిగాడు సైదులు.

మైసమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పుట్టింట్లో అది బాపుకు పోయేది. ఈ ఇంటికొచ్చాక మొగుడికి, ఆ తరువాత అల్లుళ్లకు.

"నాకే," అంది. "ఇన్నేండ్ల సంది అమ్ముతున్న, వండుతున్న. దాని రుచి ఎట్లుంటదో ఒక్కపారి నేను గూడ చూస్త."

ముందుగా రంజితే తేరుకున్నాడు.

"తప్పకుండ తినుండ్రి అత్తమ్మా. గని జర అటు తిరిగి తినుండ్రి."