మన ఇంటి మనిషి

ఆ నియోజకవర్గంలో గెలిచినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళను గెలిపించిన గొంతు మాత్రం ఒక్కటే. ఆ గొంతుగల మనిషిని ఊరు మైకు మావయ్య అనేది. బడిపిల్లల దగ్గర్నుంచి పండు ముసలివాళ్ళ దాకా అందరికీ ఆయన మావయ్యే. జీపులో ముందు సీట్లో కూర్చుని, మైకు పెదాలకు ఆనించి, "మన ఇంటి మనిషి" అని ఆయన మొదలెట్టాడంటే వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు సైతం చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేవాళ్ళు.

మావయ్య ఎవరి జీపెక్కితే వాళ్ళదే గెలుపని ఊళ్ళో గట్టి నమ్మకం. అసలు సంగతేమిటంటే, గెలిచే సూచనలున్నవాళ్ళే అందరికంటే ముందుగా వచ్చి ఆయన్ని మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళు. ఇది ఆయనకూ తెలుసు. తెలిసినా పైకి అనలేదు. తన గురించి నలుగురూ చెప్పుకునే అంత కమ్మని అబద్ధాన్ని ఎవరు మాత్రం చేజేతులా పాడుచేసుకుంటారు?

మొదట్లో పంతులుగారు ఉండేవారు. కాలినడకన తిరిగి గెలిచిన మనిషి. ఊరిని రెండుగా చీల్చే ఏటి మీద వంతెన కట్టిస్తానని మొట్టమొదట మాట ఇచ్చింది ఆయనే. మంచివాడే గానీ ఆయన మాట పై ఆఫీసుల్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. తర్వాతి ఎన్నికల్లో మిల్లు ఆసామి కుర్చీ గుర్తు మీద నిలబడి ఆయన్ని చిత్తుగా ఓడించాడు. అప్పటికి మావయ్యకి మూతి మీద మీసం కూడా సరిగ్గా మొలవలేదు. మైకుసెట్ల షాపులో వైర్లు చుట్టే పని. ప్రచారం చెప్పాల్సినవాడు ఆ రోజు ఎగ్గొడితే, ఆసామి మనుషులు మైకు ఈయన చేతిలో పెట్టి ఏదో ఒకటి చెప్పమన్నారు. నోటికొచ్చింది చెప్పాడు.

"మన ఇంటి మనిషి! మన కష్టం తెలిసిన మనిషి! వంతెన కట్టిస్తానని మాట ఇచ్చారు, కట్టించి తీరతారు! మీ ఓటు కుర్చీ గుర్తుకే!"

ఆ నోటికొచ్చిన మాటలే ఆయనకు జీవితాంతం అన్నం పెట్టాయి.

మిల్లు ఆసామి వరసగా నాలుగుసార్లు గెలిచాడు, ఆ హయాంలో ఏట్లో రెండు స్తంభాలు లేచాయి. ఆయన హఠాత్తుగా పోతే, ఉప ఎన్నికలో ఆయన భార్య జనం కన్నీళ్ళ మీద గెలిచింది. ఆవిడ పుణ్యమా అని ఇంకో స్తంభం వచ్చింది. ఆవిడను సొంత తమ్ముడే గొడుగు గుర్తు మీద నిలబడి దించేశాడు. తమ్ముడు కొత్త స్తంభాల జోలికి పోలేదు, ఉన్నవాటికి రంగులు వేయించాడు. ఆ తర్వాత వచ్చినవాడు కాంట్రాక్టరు. వంతెన పని మధ్యలో వదిలేసిపోయిన మహానుభావుడు ఈయనే. ఎక్కడ వదిలేశానో నాకే తెలుసు గనక పూర్తి చేయగలిగేదీ నేనే అని జనాన్ని ఒప్పించిన ఘటికుడు. గొడుగు కింద ఒకసారి గెలిచాడు. గాలి మారగానే కుర్చీలోకి మారి ఇంకోసారి గెలిచాడు. ఈసారి మళ్ళీ గొడుగు కిందికి వచ్చి నిలబడ్డాడు. ఇంత చరిత్రలోనూ మావయ్య మాటల్లో మారింది చివరన వచ్చే గుర్తు ఒక్కటే. స్తంభాల మీద కొంగలు వాలుతున్నాయి, కింద జనం బల్లకట్టు మీద దాటుతున్నారు.

ఆ దాటేవాళ్ళలో మావయ్య కూతురు ఒకతి. ఆమె టైలరు. షాపు ఏటి అవతల ఉంది. దాంట్లో కుట్టే ఆడవాళ్ళంతా ఇవతలివాళ్ళు. ఏరు పొంగిన రోజున షాపు మూతే. కిందటి వానల్లో బల్లకట్టు ఒక పక్కకి ఒరిగి, బడిపిల్లల కోసం కుట్టిన యూనిఫాం మూటలన్నీ ఏటిపాలయ్యాయి. మనుషులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎలాగో ఒడ్డున పడ్డారు. కూతురు ఆ రోజు ఇంటికొచ్చి ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు. ఎన్నికలు రాగానే ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి నామినేషన్ వేసి వచ్చింది. ఆమెకు కత్తెర గుర్తు ఇచ్చారు.

ఈసారి మావయ్యని మాట్లాడుకోవడానికి ఇంకా ఏ జీపూ రాలేదు. ఆ సాయంత్రమే తండ్రి పక్కన కూర్చుని అడిగింది.

"నాన్నా, ప్రచారానికి నా ఆటో ఎక్కుతావా?"

మావయ్యకి నియోజకవర్గం చరిత్రంతా కళ్ళముందు తిరిగింది. ఏ పార్టీ లేకుండా నిలబడినవాళ్ళలో ఒక్కరికైనా డిపాజిట్టు దక్కిన జ్ఞాపకం ఆయనకు లేదు. ఓడిపోయే బండి ఎక్కలేదన్న పేరు ఈ వయసులో పోతుంది. పోనీ అది పోయినా, తన నోటితో తన కూతురిని ఊరంతా తిప్పి ఓడించుకోవడం ఎలా? బెరుకు ఎంత, డాబు ఎంత అని ఆయన లెక్క తేల్చుకోలేదు. గొంతు బాగుండటం లేదని, డాక్టరు అరవొద్దన్నాడని చెప్పాడు. ఆయన అప్పటికి డాక్టరు గుమ్మం తొక్కి ఏడాది దాటింది.

మర్నాడు పొద్దున పాత సామాన్లు కొనేవాడు వీధి మలుపు తిరిగిపోతుంటే మావయ్య అరుగు మీద నుంచి ఒక్క కేకతో వాణ్ణి ఆపాడు. కూతురు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆ కేక విని తిరిగి చూసింది. చేతిలోని బట్ట గట్టిగా దులిపి తీగ మీద వేసింది. మళ్ళీ అడగలేదు.

అనాల్సింది ఆయన భార్య అంది. ముక్కుకు సూటిగా మాట్లాడే మనిషి. కంచం ముందు పెడుతూ, "ఊళ్ళోవాళ్ళందరినీ మన ఇంటి మనుషుల్ని చేశారు. నిజంగా ఇంట్లో ఉన్న మనిషి మాత్రం మీకు పరాయిదైంది" అంది. మావయ్య ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. రేపు పొద్దున్నే కూతురితో సరేనని చెప్పేద్దామనుకున్నాడు. ఆ రేపు ఎల్లుండి అయింది. అంతలో మంత్రిగారి పర్యటనకు ఏర్పాట్లంటూ ఊరంతా దుమ్ము లేచింది, ఆయన ఇంకో రెండు రోజులు నెట్టాడు.

ఒకనాడు నిద్ర లేచి భార్యను పిలవబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. చెప్పిన సాకు దారి వెతుక్కుంటూ వచ్చి గొంతులోనే కూర్చుంది. ఈసారి నిజంగానే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. స్వరపేటిక మీద బుడిపె ఉందని, నెమ్మదిగా నయమవుతుందని, కానీ పాత గొంతు మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఎంతో మర్యాదగా చెప్పాడు. మావయ్య మర్యాదగానే తలూపాడు. బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. భార్య లేవమని తొందరపెట్టలేదు.

ఇంటికొచ్చి అరుగు మీద వేడినీళ్ళు తాగుతున్నాడు. వీధి చివర నుంచి మాటలు వినిపించాయి.

"మన ఇంటి మనిషి! మన కష్టం తెలిసిన మనిషి!"

భార్య లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి మొగుడి నోటివైపు చూసింది. నోరు మూసే ఉంది. గొంతు మాత్రం కంచులా మోగుతూ వీధిలోకి వచ్చింది. ఒక ఆటో, దాని నిండా గొడుగు బొమ్మలు, లోపల డ్రైవరు తప్ప ఎవరూ లేరు. కిందటి ఎన్నికల్లో కాంట్రాక్టరు మనుషులు ఆయన్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఆ మాటలు రికార్డు చేయించుకున్నారు. మీరు ఒక్కరే అన్ని ఊళ్ళూ ఎక్కడ తిరుగుతారు మావయ్యా, శ్రమ పడొద్దు అన్నారు. అప్పుడు ఆయనకు ఆ మర్యాద ముచ్చటేసింది. అది కుర్చీ నాటి రికార్డింగు. గొడుగనే ముక్కను ఏనాటిదో పాత గొడుగు ప్రచారం టేపు నుంచి తెచ్చి అతికించారు. అందుకే చివరి మాట దగ్గర ఆయన గొంతు ఒక్కసారిగా చిన్నవయసుది అయిపోయింది.

అలాంటి ఆటోలు ఎన్ని ఉన్నాయో గానీ ఏటికి అటూ ఇటూ అవే. కూతురి షాపు ముందు నుంచి రోజుకు ఎన్నిసార్లు పోయేవో ఆమె ఇంట్లో చెప్పలేదు. కుట్టే ఆడవాళ్ళలో ఒకావిడ వచ్చి మావయ్య భార్యతో చెప్పింది. ఆటో వచ్చినప్పుడల్లా అమ్మాయి మిషన్ ఆపేసి, అది మలుపు తిరిగేదాకా కుట్టకుండా కూర్చుంటుందట.

మావయ్య కాంట్రాక్టరు ఆఫీసుకి వెళ్ళాడు. గుమ్మంలో అందరూ లేచి కుర్చీ వేశారు. రాని గొంతుతో, చేతి సైగలతో, ఆ రికార్డింగు ఆపమని బతిమాలాడు. లోపల ఆఫీసు వ్యవహారాలు చూసే మనిషి ఓపిగ్గా విన్నాడు. నొచ్చుకున్నట్టే మొహం పెట్టాడు.

"గొంతు మీదే మావయ్యా, ఎవరు కాదన్నారు? రికార్డింగు మాది."

కాంట్రాక్టరు స్వయంగా గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. మీ అమ్మాయి నాకు మాత్రం పరాయిదా అన్నాడు. ఆ మాట నిజమేననిపించేలా అనగలగడం ఆయన విద్య. దారి పొడుగునా మావయ్య తనను తాను తిట్టుకున్నాడు. తిట్లు కూడా పెదాల మీదే మిగిలిపోయాయి.

మర్నాడు ఆయన కూతురి ఆటో ఎక్కాడు. ఎవరూ పిలవలేదు. ఆమె బయల్దేరే వేళకి వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు. డాక్టరు వద్దన్నాడుగా అంది కూతురు. ఆయన మైకు అందుకున్నాడు. అవతలి పేటలో ఆయన గొంతు తెలియనివాళ్ళు లేరు గానీ, ఎప్పుడూ జీపు లోపలే ఉండటం వల్ల మొహం తెలిసినవాళ్ళు తక్కువ. మొదటి వీధిలో మైకు పెదాలకు ఆనించి "మన ఇంటి మనిషి" అని మొదలెట్టాడు. ఎండిన ఆకుల మీద నడిచినట్టు గరగరమని ఏదో వచ్చింది. గుమ్మాల్లోకి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీ కొట్టు దగ్గర నలుగురు నవ్వారు. మావయ్యను అనుకరించడానికి ఎవణ్ణో పట్టుకొచ్చింది పాపం, అని ఒకడన్నాడు.

మావయ్య ఆటో దిగి కొట్టు దగ్గరికి వెళ్ళాడు. తనే మైకు మావయ్యనని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. ఆ చెప్పడం గుసగుసలా ఉంది. కొట్టువాడు జాలిగా టీ గ్లాసు అందించాడు. సరిగ్గా అప్పుడే పక్క వీధిలోంచి గొడుగు ఆటో వచ్చింది. ఒక్క అక్షరం తొణక్కుండా, నిండుగా, ధాటిగా ఆ పాత గొంతు పేటంతా పరుచుకుంది. ఆడవాళ్ళు అటు తిరిగారు.

"అదిగో, అదీ మావయ్యంటే" అన్నాడు కొట్టువాడు.

మావయ్య గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. కూతురు వచ్చి చేతిలోంచి గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టింది. ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి ఆటో దాకా నడిపించింది. మిగిలిన వీధుల్లో ఆమే మాట్లాడింది. ఆమెకి మైకు కొత్త. మాట మాటకీ ఆగిపోయింది. వంతెన కట్టిస్తానని మాత్రం అనలేదు. బల్లకట్టు ఒరిగిన రోజు ఏం జరిగిందో చెప్పింది, కట్టించేదాకా అడుగుతూనే ఉంటానంది. పక్కన కూర్చున్న తండ్రికి అది ప్రచారంలా వినిపించలేదు. తను ఒక్కసారైనా ఇలా మాట్లాడానా అని ఆలోచించి, ఆ ఆలోచనకే అలిసిపోయాడు.

ఓట్ల లెక్కింపు మధ్యాహ్నానికే తేలిపోయింది. కాంట్రాక్టరు గెలిచాడు. కుర్చీవాళ్ళు కాస్త పోరాడి ఓడారు. కత్తెరకు వచ్చిన ఓట్లు ఎవరూ చెప్పుకునేటన్ని కావు. కూతురు లెక్కింపు కేంద్రం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంది. భార్య టీ పెట్టింది. ముగ్గురూ అరుగు మీద కూర్చుని తాగుతున్నారు.

ఊరేగింపు ఆ వీధిలోకే మళ్ళింది. దండలు, టపాసులు, ముందు ఒక లారీ, దాని మీద పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్లు.

"మన ఇంటి మనిషిని గెలిపించిన మీ అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు! మన ఇంటి మనిషి! మన కష్టం తెలిసిన మనిషి!"

ధన్యవాదాలు కూడా ఆ రికార్డింగు రోజే గదిలో కూర్చోబెట్టి చెప్పించారు. మావయ్య ఆ సంగతే మర్చిపోయాడు. లారీ వాళ్ళ గుమ్మం ముందుకు వచ్చేసరికి రద్దీకి ఆగింది. తన కూతురిని ఓడించినందుకు ఊరందరికీ తన గొంతు చేతులు జోడించి దణ్ణాలు పెడుతోంది. ఆయన తల వంచుకున్నాడు. పక్కన కూతురు మోకాళ్ళ మీద గడ్డం ఆనించి శ్రద్ధగా వింటోంది.

"ఎంత బాగా చెప్పేవాడివి నాన్నా" అంది.

వెక్కిరింపు కాదు. చిన్నప్పుడు జీపు వెనకాల పరుగెత్తిన పిల్ల మొహమే అది. మావయ్యకి దుఃఖం ఆగలేదు. ఆమెవైపు తిరిగి ఏదో అన్నాడు. ఆ హోరులో ఆమెకు వినపడలేదు. చెవి దగ్గరికి తెచ్చింది, అయినా వినపడలేదు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. తన గొంతు వీధి దాటి వెళ్ళేదాకా తనే కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది. లారీ కదిలింది. మలుపు దగ్గర మళ్ళీ ఆగింది. చాలాసేపటికి గానీ వీధి సద్దుమణగలేదు.

అప్పుడు ఆయన, ఉన్న కాస్త గాలినీ కూడదీసుకుని, గరగరమంటూ చెప్పాడు.

"నా ఇంటి మనిషివి... నువ్వేనమ్మా."

కూతురు ఖాళీ గ్లాసులు మూడూ ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

"తెలుసు నాన్నా" అంది లేస్తూ. "అడిగిన రోజునే చెప్పుంటే బాగుండేది."

గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. పొద్దున్నే బల్లకట్టు అందుకోవాలి.