చప్పిడి కూడు

"అబద్ధమాడకు. నీ కూరల ఉప్పు ఎయ్యక నెల దాటింది," అంది సంతోషి.

"నువ్వే ఆడుతున్నవ్. రోజు బాక్సుల కూర ఉప్పగనే ఉంటది. పాపం, మనసొప్పక ఏసినవనుకొని తిన్న," అన్నాడు హరిప్రసాద్.

"మనసొప్పకనా! ఎయిర్‌పోర్టుల క్యాబులు ఆగేకాడ మిర్చిబజ్జీలు మింగి నా మీదికి తోస్తున్నవా?"

గడప పక్కన కూర్చున్న హరిప్రసాద్ తల్లి సక్కుబాయి కొంగు ముడిని పిడికిట్లో దాచుకుంది. ముడిలో దొడ్డుప్పు ఉంది. కోడలు సంతోషి బాక్సు సర్ది స్నానానికి పోగానే మూత తీసి కూరలో కలిపేది ఆమే. భర్త జంగయ్య చనిపోయినప్పుడు పది రోజులు ఇంటిల్లిపాదీ చప్పిడి కూడు తిన్నారు. బతికున్న కొడుక్కి ఆ కూడు పెట్టడమంటే ఆమెకు వణుకు.

మనుమరాలు కవిత చేతిలో దవాఖాన కాగితం ఉంది. మాత్రలు పెంచినా హరిప్రసాద్‌కు బీపీ దిగడం లేదని డాక్టరు ఒక పగలూ రాత్రీ మూత్రమంతా క్యాన్‌లో పట్టించి పరీక్ష చేయించాడు.

"జర లొల్లి ఆపుర్రి. తిన్న ఉప్పు ఎంతనో మూత్రంల తెలుస్తది. పద్నాలుగు గ్రాములట. ఐదు దాటొద్దన్నడు."

"గంతనా?" హరిప్రసాద్ గొంతు తగ్గిపోయింది.

"తిన్నది బయటికే వచ్చింది గదనే. ఇగ భయమేంది?" అంది సక్కుబాయి.

"ఊకెనే రాదు నాయినమ్మా. మన పూలతోటల డ్రిప్పు పైపు పూడుకపోతే ఏం చేస్తుంటివి?"

"మోటరు జోరు పెంచుతుంటి."

"గదే. బాపు కిడ్నీలు మామూలు జోరుకు ఉప్పును వదులుతలేవు. ఉప్పు నిలిస్తే నీళ్లు నిలుస్తయి, బీపీ ఎక్కుతది. గా జోరుకు ఉప్పు బయటపడుతది గని, కిడ్నీల లోపలి జల్లెడ చినుగుతది. ఇప్పటికే ప్రొటీన్ కారుతున్నదట. మూత్రంల నురుగు అందుకే."

ఆ పైపు ఎలా పగిలేదో సక్కుబాయికి తెలుసు. ముందు వెంట్రుకంత చీలిక. తర్వాత ఏ అతుకూ నిలిచేది కాదు.

వీధి చివరి చెన్నయ్య గుర్తొచ్చాడు. కిడ్నీలు చెడి, వారానికి మూడుసార్లు దవాఖానలో డయాలసిస్ మిషన్ మీద పడుకుని వస్తాడు. సూదులు గుచ్చే చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంటుంది. "ముట్టుకో పెద్దమ్మా, బుర్రుమంటది," అని ఒకసారి నవ్వుతూ చెయ్యి చాపాడు. ఆమె ముట్టుకోలేదు.

హరిప్రసాద్ సాక్సులు విప్పాడు. మడమల పైన పడ్డ గాడి ఎంతకీ పోవడం లేదు. సక్కుబాయి దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"నేను బయట ఏం తినలే. కావాలంటే బిడ్డ మీద ఒట్టు," అంటూ అతను కవిత తల మీదికి చెయ్యి చాపాడు.

"ఒట్టు పెట్టకు!" అంది సక్కుబాయి.

ఇంటి మీదుగా విమానం పోయింది. ఆ మోత తగ్గగానే సక్కుబాయి కొంగు ముడి విప్పి ఉప్పుగళ్లను ఖాళీ కంచంలో పోసింది. కొన్ని కింద పడ్డాయి.

"రోజు నేనే ఏసిన."

సంతోషి వంగి కింద పడ్డ ఉప్పుగళ్లను ఏరి కంచంలో వేసింది. హరిప్రసాద్ కంచం వైపు చూస్తున్నాడు.

"రేపటి సంది ఇంట్ల అందరికి ఒక్కటే కూర," అంది సక్కుబాయి మెల్లగా. "చప్పిడే వండు బిడ్డా. ముందుగాల నాకు పెట్టు."