ఐదేళ్లా, ఇరవయ్యేళ్లా

ఆ ఉదయం ఆకాశం తూర్పున ఎర్రగా, పడమట నల్లగా, నడినెత్తిన ఏ రంగూ లేకుండా ఉంది. గాలి లేదు. ఆరేసిన బట్టలు తీయాలో ఉంచాలో తెలియక ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి పైకి చూస్తున్నారు.

మోటార్ల మేస్త్రి ఇంట్లో మాత్రం ఎవరూ పైకి చూడలేదు. కూతురు మధ్యాహ్నంలోగా సైన్యం ఆఫీసుకి వెళ్లి ఏదో ఒక మాట చెప్పాలి. సైన్యంలోకి తీసుకున్నారు, అందులో అనుమానం లేదు. ఎన్నేళ్లకి అన్నదే తేలాలి. తుపాకీ దళమైతే ఐదేళ్లు, వచ్చేసేటప్పుడు డబ్బంతా ఒకేసారి చేతిలో పెడతారు. మరమ్మతుల దళమైతే ఇరవయ్యేళ్లు. జీతం మొదట్లో తక్కువ, చివర్లో బతికినన్నాళ్లూ పింఛను. పైగా అక్కడ చేతిపని చూసిగానీ తీసుకోరు.

అమ్మ తమ్ముడు అప్పుడే రాత్రి కాపలా దిగి వచ్చాడు. వయసులో ఉండగా సైన్యంలో చేశాడు, అందుకని ఇంటిల్లిపాదీ సిపాయి అనే అంటారు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీకి కాపలా. నడి ఎండాకాలంలోనూ స్వెట్టరుతోనే వస్తాడు.

"ఐదేళ్లే మావయ్యా. తేల్చేసుకున్నాను," అంది మేనకోడలు.

"తేల్చుకున్నదానివి నన్ను పడుకోనివ్వకుండా ఎందుకు కూర్చోబెట్టావే?"

"నువ్వూ అవునంటావని."

"నేను చేసిందీ అదేగా. నన్ను చూస్తే అవుననాలని ఉందా నీకు?" సిపాయి టీ ఊదుకున్నాడు. "ఒకేసారి వచ్చిన డబ్బుకి చుట్టాలెక్కువ అమ్మాయ్. అమ్మమ్మ ఇంటికి కప్పు వేయించాను, అది తప్పనను. తర్వాత వ్యాను కొన్నాను. అది నన్ను మోసిన దూరం కన్నా నేను దాన్ని తోసిన దూరం ఎక్కువ. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, నాది గుట్ట కూడా కాదు. అది కరిగేనాటికి నాకు ముప్పై నిండలేదు. డబ్బైపోయింది గానీ బతుకు అయిపోలేదుగా!"

"నేను వ్యాను కొనను. చుట్టే మిషను కొంటాను."

కాలిపోయిన నీళ్ల మోటార్లకి రాగితీగ చుట్టి బాగుచేయడం మేస్త్రి పని. కొంతకాలంగా ఆయన చేతులు వణుకుతున్నాయి. సన్నతీగ పట్టుకుంటే చుట్టు మీద చుట్టు పడి పాడైపోతోంది. సన్నతీగ మోటార్లన్నీ ఆయన పక్కకి పెడితే కూతురు ఏమీ అడక్కుండా తీసుకుని చుట్టేది. ఆయన ఐదేళ్లు ఎలాగో నెట్టుకొస్తే తను తిరిగొచ్చి మిషను పెట్టి, నాన్నని కుర్చీలో కూర్చోబెడదామని ఆమె ఆశ.

"ఇరవయ్యేళ్లు చేయలేక మధ్యలో వచ్చేస్తే పెద్దగా ఏమీ రాదటగా మావయ్యా?"

"రాదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? నా పక్క మంచం వాడు ఉండిపోయాడు. మోకాళ్లు అరిగిపోయాయి, పిల్లల చిన్నతనం కళ్లతో చూళ్లేదు. కానీ ఒకటో తారీకొస్తే వాడు ఎవరి మొహమూ చూడక్కర్లేదు."

"కాలో చెయ్యో పోతేరా?" అంది అమ్మ, గిన్నె తోముతూ.

"ఎందులోనైనా పోవచ్చక్కా. పోయాక ఇంకా ఎన్నాళ్లు బతకాలి, ఏం తిని బతకాలి అన్నదే చూసుకోవాలి."

మేస్త్రి ఇదంతా విన్నాడు. టీ తాగి, గ్లాసు బోర్లించి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"నాన్న ఏమీ అనలేదేంటమ్మా?"

"ఆయన ఎప్పుడన్నారు గనక! అంటేనే నాకు భయం."

ఆఫీసుకి వెళ్తూ కూతురు దారిలో తండ్రి దుకాణం దగ్గర ఆగింది. షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల వార్నిష్ వాసన. తండ్రి ఎప్పుడూ కూర్చునే పీట ఖాళీగా ఉంది. ఆయన గిరాకీలు కూర్చునే బల్ల మీద ఉన్నాడు. ఎదురుగా పక్కవీధి కుళాయిల పనివాడు తాళంచెవి అరచేతిలో పెట్టుకుని, అది కాలుతున్నట్టు చూస్తున్నాడు. పొట్టిగా గుండ్రంగా ఉంటాడని అతన్ని నట్టు అంటారు.

"ఇచ్చేశాను," అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"దుకాణం. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. రేపట్నుంచి వీడి దగ్గర నేను కూలీని."

"కూలీ అనకు మేస్త్రీ, నాకు పాపం తగుల్తుంది," అన్నాడు నట్టు.

"నాన్నా! నేను దేనికోసం ఐదేళ్లంటున్నానో తెలిసే చేశావా?"

"తెలిసే చేశాను."

"నన్నొక్క మాట అడగొద్దా?"

"నా కోసం ఐదేళ్లని నువ్వు నన్నడిగావా?"

మేస్త్రి మూలకి చెయ్యి చూపించాడు. అక్కడ రెండే మోటార్లున్నాయి. చెయ్యి వణుకుతోందని చూసుకుని తొడ కింద పెట్టుకున్నాడు.

"ఇదివరకు ఆ మూల కాలు పెట్టే చోటుండేది కాదు. ఇప్పుడు కాలిపోతే పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. మిషను పెట్టి ఎవరికి చుడతావే?"

"మరి నీ ముసలితనం?"

"నాది సగం గడిచిపోయింది. మిగతాది ఎలాగోలా నెట్టుకొస్తాను. నీది ఇంకా మొదలే కాలేదు, దాన్ని చూసుకో."

"బలవంతంగా ఇరవయ్యేళ్లు చేయిస్తున్నావు నాచేత."

"లేదమ్మా. ఐదేళ్లే అను, నీ ఇష్టం. నా పేరు చెప్పి మాత్రం అనకు."

ఆమె కళ్లు తుడుచుకోకుండానే వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా నట్టు చూశాడు.

"సాయంత్రం దాకా ఆలోచించుకో మేస్త్రీ. తాళం వెనక్కిచ్చేస్తాను."

"ఇచ్చిన మాట నమిలి మింగమంటావా? షట్టరు పూర్తిగా ఎత్తు. వెలుతురు లేకపోతే నాకేం కనిపిస్తుంది?"

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. ఇంట్లో ముగ్గురూ తినకుండా కూర్చున్నారు. దుకాణం సంగతి మేస్త్రి భార్యకి చెప్పాడు. ఆమె లేచి కంచాలు కడిగింది. సిపాయి పడుకోవడానికి తన గదికి పోలేదు, స్వెట్టరు విప్పలేదు.

కూతురు తడిసి వచ్చింది. పెరట్లో సబ్బుతో మళ్లీ మళ్లీ చేతులు రుద్దుకుంది. గోళ్లలో నలుపు పోలేదు.

"ఏమన్నారే?" అంది అమ్మ.

"ఇంజను విప్పించారు. మళ్లీ బిగించమన్నారు. బిగించాను."

"కదిలిందా?" అన్నాడు సిపాయి.

"రెండోసారికి. ఇరవయ్యేళ్లకి రాసుకున్నారు."

మేస్త్రి తలెత్తి ఆమె మొహం చూశాడు. అందులో కోపం తగ్గలేదు. అమ్మ గరిటె అందుకోబోతే కూతురే తీసుకుని ముందు తండ్రికి వడ్డించింది, ఆయన రోజూ తినేదానికన్నా కాస్త ఎక్కువే. ఆయన చాలనలేదు. ముద్ద ఎత్తేటప్పుడు చెయ్యి వణికి నాలుగు మెతుకులు కంచం బయట పడ్డాయి. ఎవరూ అటు చూడలేదు. ఆమె తన కంచం తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుంది. వాన పెద్దదైంది. నలుగురూ తిన్నారు.