అత్త లాగిన కొంగు

చర్చి తలుపు తోసుకుని ఎస్తేరు లోపలికి అడుగుపెడుతుంది, పెట్టాక చూస్తే అది చర్చీ కాదు పాడూ కాదు, తన వంటిల్లే, కాకపోతే గోడలుండాల్సిన చోట బెంచీలున్నాయి, బెంచీల వెనకాల కాలవ పారుతోంది, ఆ చివర పీట మీద, పోయి ఎనిమిది నెలలైన అత్త సంపూర్ణమ్మ తీరిగ్గా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పోయిన మనిషి ఇక్కడేం చేస్తోందని ఎస్తేరుకి తోచదు. కాయలు బాగా ముదిరిపోయాయే అనిపిస్తుంది, అంతే.

"రావే, కూర్చో. ప్రార్థన బాగా సాగుతోందా?" అంటుంది అత్త.

ఊళ్లో ఎవరింట కూడిక పెట్టినా ప్రార్థన ఎస్తేరే చెయ్యాలి, పాస్టరుగారు పేరు పెట్టి మరీ పిలుస్తారు, ఆవిడ గొంతెత్తిందంటే ఆడవాళ్లంతా కళ్లొత్తుకోవాల్సిందే. అంతటి మనిషికి, ఇంట్లో ఒక్కతే మోకరిస్తే ఎనిమిది నెలలుగా మాట పెగలడం లేదు. ఇది ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే పరువుంటుందా?

"సాగట్లేదత్తా," అంటుంది, అత్త దగ్గర దాపరికమేమిటని. "కూడికలో బాగానే వస్తుంది. ఇంట్లో మోకాళ్లూనితే చాలు, ఆ రోజు నీ మంచం దగ్గర చేసిన ప్రార్థనే గుర్తొస్తుంది."

"అమ్మో, అదా! ఎంతసేపు చేశావే తల్లీ!"

"ముప్పావుగంట. నీకు నయం కావాలని. గదినిండా జనం. మధ్యలో నువ్వు నా కొంగు పట్టుకుని లాగావు. ఆత్మ నిన్ను తాకిందనుకుని ఇంకా గట్టిగా గొంతెత్తాను."

"నీళ్లకే పిచ్చిమొహమా! నాలుక పిడచకట్టుకుపోయి లాగాను. రెండుసార్లు లాగాను. నువ్వు కళ్లు తెరిస్తేగా!"

కాలవ నీళ్లు బెంచీల కిందకి వచ్చేస్తున్నాయి, చీర తడవడం లేదు, ఎస్తేరు తలొంచుకుని ఆ నీళ్లనే చూస్తూ, ఇన్నాళ్లూ కట్టుకున్నవాడికి కూడా చెప్పని మాట చెప్పేస్తుంది. "రెండోసారి లాగినప్పుడు నాకు తెలిసిందత్తా. నీకేదో కావాలని తెలిసింది. అందరూ హల్లెలూయా అంటున్నారు, ఆపబుద్ధి కాలేదు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి నీకు స్పృహ లేదు. మళ్లీ రాలేదు."

అత్త చేతిలో కాయ చేతిలోనే ఆగిపోతుంది.

"కోపం వచ్చిందా అత్తా?"

"రాదా మరి! ఆ పూట బాగా వచ్చింది. ఇప్పుడు దాహమే లేదు, ఇంక కోపమెక్కడిది? అది సరేగాని, ఈ మాట పైనున్న ఆయనతో చెప్పావా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? 'మహోన్నతుడవైన తండ్రీ' అని మొదలుపెడతానా, అది కూడికలో నా గొంతులాగే వినిపిస్తుంది. నా మీద నాకే అసహ్యమేసి లేచిపోతాను."

"అలా మొదలుపెట్టకు మరి. ఇప్పుడు నాతో ఎలా చెప్పావో అలాగే చెప్పు. నాతో చెబితే ఏం లాభం, నేను పోయినదాన్ని కదే," అంటూ అత్త చేట చంకన పెట్టుకుని లేస్తుంది, కాలవలోకి దిగి, అటు వంటింట్లోకో గట్టు మీదకో, వెనక్కి చూడకుండా నడిచిపోతుంది.

ఎస్తేరుకి మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటింది. మంచం పక్కన మోకరించి, పరుపు మీద తల వాల్చి అలాగే నిద్రపోయింది. మోకాళ్లు తిమ్మిరెక్కాయి. కుడిచేతి గుప్పిట్లో దుప్పటి అంచు ఉంది, వేళ్లు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుని లాగినట్టుంది, సగం దుప్పటి కిందకి జారిపోయింది.

దాన్ని వదల్లేదు ఎస్తేరు. కళ్లు కూడా మూసుకోలేదు.

"అత్తకి ఏదో కావాలని నాకు తెలుసు ప్రభువా," అంది, కూరగాయలవాడితో మాట్లాడేంత మామూలు గొంతుతో. "తెలిసే ఆపలేదు. నలుగురూ వింటున్నారని ఆపలేదు."

వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఎనిమిది నెలల ఏడుపు అప్పుడొచ్చింది. ముక్కు చీదుకుంటూ, వెక్కుతూ, ఆమెన్ అనేసరికి అత్తకి స్పృహ లేదన్న తర్వాతి మాట కూడా చెప్పింది.