ఖాళీ ఇంటి నీళ్ల బిల్లు

ఇల్లు బాగుచేయడానికి మూడు నెలలు చాలన్నాడు మేస్త్రీ. ఆ మాట నమ్మి లెక్కల టీచరూ, ఆమె భర్తా సామాను మూటలు కట్టుకుని ఆమె అక్క ఇంట్లో మేడమీది గదికి చేరారు. ఇప్పుడు అయిదో నెల నడుస్తోంది. వంటగది గోడ పడగొట్టారు, మళ్లీ లేపలేదు. స్నానాలగది నేల తవ్వారు, పూడ్చలేదు. మేస్త్రీని అడిగితే టైల్స్ అతను రావాలంటాడు. టైల్స్ అతను ప్లంబరు మీదికి తోస్తాడు. ప్లంబరు ఫోనే ఎత్తడు.

అక్క ఇంట్లో కుళాయి పొద్దున గంటసేపే వస్తుంది. టీచరు స్నానానికి వెళ్లిన రెండు నిమిషాలకే తలుపు అవతల అక్క గొంతు వినిపించేది.

"అయిందా? ఇంకా నలుగురం ఉన్నామే!"

సబ్బు నురగ పూర్తిగా పోకముందే బయటికి వచ్చేది టీచరు. అలాంటి ఒక ఉదయం, తల తుడుచుకుంటూ ఖాళీ ఇంటికి వచ్చిన నీళ్ల బిల్లు విప్పి చూసింది. పంతొమ్మిది యూనిట్లు! తామిద్దరూ ఆ ఇంట్లో ఉండి, బట్టలుతికి, మొక్కలకు పోసిన రోజుల్లో కూడా పదిహేను దాటలేదు. ఇల్లు వదిలాక ఇది నాలుగో బిల్లు. మొదటి మూడూ ఆమె భర్త చూడకుండానే కట్టేశాడు. రేడియోలు, మిక్సీలు బాగుచేసే మనిషి; వస్తువులతో ఉన్న ఓపిక కాగితాలతో ఉండదు.

"పోనీలేద్దూ. కట్టేస్తే ఓ పనైపోతుంది" అన్నాడు.

"మీ పోనీలేతోనే మూడు నెలలు పోయాయి" అంది ఆమె.

కాఫీ తాగుతున్న బావగారు నవ్వాడు. "మరదలా, మీ ఇంట్లో దెయ్యాలు చేరి రెండు పూటలా స్నానాలు చేస్తున్నట్టున్నాయి."

"వాటికైనా దక్కుతోంది బావగారూ" అంది టీచరు. అక్క ముఖం మాడ్చుకుంది.

ఆమె సెలవు పెట్టి నీళ్ల ఆఫీసుకు వెళ్లింది. కౌంటరు గుమాస్తా బిల్లు చూసి, ఆమెను చూడకుండా అన్నాడు: "మీటరు తిరిగింది, మీరు కట్టాలి. ఎక్కడో లీకవుతోందేమో చూసుకోండి."

ఆ మధ్యాహ్నం భర్తను వెంటపెట్టుకుని ఇంటికెళ్లింది. గోడలు తడిమారు, తవ్విన నేలలోకి వంగి చూశారు. ఎక్కడా చెమ్మ లేదు. చివరికి మీటరు ఉండాల్సిన చోటికి వచ్చారు. అక్కడ గేటుకు అడ్డంగా నడుమెత్తు ఇసుక కుప్ప. ఇద్దరూ చెరో పార పట్టుకుని అరగంట తోడారు. అడుగున మూతి బిగించిన పైపు కనిపించింది. మీటరు లేదు!

టీచరు కేక విని మేస్త్రీ వచ్చాడు. తాపీగా వెళ్లి సిమెంటు బస్తాల వెనక నుంచి గోనెగుడ్డలో చుట్టిన మీటరు తెచ్చి ఇచ్చాడు.

"మొదటి వారంలోనే ప్లంబరు విప్పేశాడమ్మా. ఇసుక లారీ కింద పడి నలిగిపోతుందని. పనికి నీళ్లు ట్యాంకరుతో తెప్పించుకుంటున్నాం."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదమ్మా."

ఆమె మీటరు మీద దుమ్ము తుడిచి చూసింది: పన్నెండు వందల ఆరు. తాము ఇల్లు వదిలిన నాటి అంకె అదే. చేతిలోని బిల్లులో మాత్రం పన్నెండు వందల డెబ్బయ్యెనిమిది.

మర్నాడు మళ్లీ సెలవు. మీటరును కూరల సంచిలో పెట్టుకెళ్లి గుమాస్తా ముందు ధన్‌మని దించింది.

"ఇదిగో, తిరిగిన మీటరు. ఎలా తిరిగిందో చెప్పండి."

గుమాస్తా ఈసారి ఆమె వంక చూశాడు. "మీటరు మీరే విప్పారా? అది నేరం మేడమ్. జరిమానా ఉంటుంది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "వేయండి, కడతాను. కానీ గోనెగుడ్డలో ఉన్న మీటరును నాలుగు నెలలు ఎవరు చదివారో చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

బెంచీ మీద కూర్చుంది. గంట గడిచాక సూపర్‌వైజరు విసుక్కుంటూ బయటికి వచ్చాడు. మీటరునూ బిల్లునూ పక్కపక్కన చూసి, మీటర్లు చదివే అతన్ని పిలిపించాడు. వచ్చినవాడికి జుట్టంతా నెరిసింది; ఒక కాలు ఈడుస్తున్నాడు.

"గేటు ముందు ఇసుకుందండీ. ఈ మోకాలితో ఎక్కలేకపోయాను. పాత బిల్లులు చూసి, ఇంటి పని జరుగుతోంది కదా అని కాస్త కలిపి ఉజ్జాయింపుగా వేశాను."

"లెక్క చేయకుండా జవాబు రాస్తే మా బడిలో సున్నా వేస్తాం" అంది టీచరు.

"చదవలేదని రాస్తే నన్నే తిడతారమ్మా. రోజుకు రెండు వందల ఇళ్లు" అన్నాడతను నేల చూస్తూ.

ఆమెకు జాలి కలిగింది. కలిగినందుకు ఇంకా చిరాకేసింది. హాయిగా కోప్పడటానికి కూడా ఒక మనిషి దొరకడం లేదు.

చివరికి తేలింది ఇది: నాలుగో బిల్లు రద్దు. కట్టిన మూడూ రాబోయే బిల్లుల్లో సర్దుతారు. జరిమానా మాత్రం కట్టాలి. మీటరును పరీక్షకు పంపాలి. అది తిరిగొచ్చేదాకా కనెక్షన్ ఇవ్వరు.

"ఎన్నాళ్లు?"

"ఇరవై రోజులనుకోండి" అన్నాడు సూపర్‌వైజరు.

నలభై రోజులు పట్టింది. ఈలోగా ఎవరూ ఊహించని విధంగా మేస్త్రీ పని ముగించేశాడు. అక్క ఇంట్లో ఇంకొక్క పూట కూడా ఉండనని టీచరు సామాను సర్దింది. కొత్త టైల్స్ మెరిసే స్నానాలగదిలో, పక్కింటి నుంచి బిందెలతో మోసుకొచ్చిన నీళ్లు పోసుకుంటూ ఇద్దరూ పన్నెండు రోజులు గడిపారు. భర్త నడుము పట్టేసింది. పోనీలే అనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

మీటరు బిగించిన తర్వాతి నెల, రీడింగు తీసే రోజున, టీచరు బడికి ఆలస్యంగా వస్తానని చెప్పి గేటు దగ్గర నిలబడింది. నెరిసిన జుట్టు మనిషి వచ్చాడు. కాలు చాపి కష్టంగా వంగి, అంకె పైకి చదివాడు. ఆమె కాగితం మీద రాసుకుంది.

"సరిపోయిందా అమ్మా?"

"ఇంకోసారి చదవండి" అంది ఆమె.

అతను మళ్లీ వంగాడు.