పన్నెండు ఇచ్చినా

"నీ చేతిలో పన్నెండే ఇస్తోంది," అన్నాడు మా ఆయన.

నేను గిన్నెలు కడుగుతున్నాను. ఆయన వంటింటి గుమ్మానికి ఆనుకుని, కారు మైలేజీ పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ పుస్తకం గురించి చెప్పాలి. మాది చిన్న కారు. లీటరుకి ఇరవై రెండు ఇస్తుందన్న మాట నమ్మి కొన్నాం. అప్పటినుంచి ఆ ఇరవై రెండుని ఆయన ఇంటి పరువులా కాపాడుతున్నాడు. ట్యాంకు నిండా పెట్రోలు పట్టించడం, ట్రిప్ మీటరు నొక్కి సున్నా చేయడం, మళ్ళీ నింపినప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి భాగించి రాయడం, మూడూ ఆయన పనులే. ఆ మీట ఇంకెవరూ ముట్టుకోకూడదు. వారంలో ఐదు రోజులు ఆయన ఆఫీసు బస్సులో వెళ్తాడు, కారు నేను తిప్పుతాను. శుక్రవారం సాయంత్రం ట్యాంకు నింపి, శని ఆదివారాలు స్నేహితులతో హైవే ఎక్కుతాడు. తిరిగొచ్చి మళ్ళీ నింపుతాడు. పుస్తకంలో ఎడమ పేజీ ఆయనది, కుడి పేజీ నాది. ఎడమవైపు ఇరవై రెండు, కుడివైపు పన్నెండు.

ఇంటికెవరొచ్చినా ఆ పుస్తకం బయటికొచ్చేది. "నా చేతిలో బుద్ధిగానే ఉంటుందండీ, మా ఆవిడ ఎక్కితేనే తాగుబోతైపోతుంది," అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆరేళ్ళపాటు నేనూ నవ్వాను, కాఫీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడి మరీ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ బుధవారం మాత్రం ఆ పుస్తకం నవ్వుకోవడానికి బయటికి రాలేదు. పాప పుట్టకముందు నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఎనిమిదేళ్ళ తరువాత, ఊరి బయట ఒక ల్యాబ్ నుంచి నాకు మళ్ళీ పిలుపొచ్చింది. ఇంటినుంచి ఇరవై ఆరు కిలోమీటర్లు. వస్తానో రానో శుక్రవారంలోగా చెప్పాలి.

"రానూపోనూ యాభై రెండు. పన్నెండుతో భాగించుకో. టైర్లు, సర్వీసు వేరే. నీ జీతంలో సగం ట్యాంకులోకే పోతుంది. ఈ ఉద్యోగం నీకా, పెట్రోలు బంకువాడికా?"

హాల్లోంచి అత్తయ్య అందుకుంది. "కోడలు నడిపితే కడుపులో చల్ల కదలదురా, ఆ మాట చెప్పుకోవాలి. కానీ పెట్రోలే, ఎటు పోతుందో తెలియదు."

ఎటు పోతుందో నాకూ తెలియదు అప్పటికి. "నిజమేలెండి" అనేశాను. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ రాత్రే ల్యాబ్‌కి రాలేనని ఫోన్లో ఉత్తరం టైపు చేశాను కూడా. ఎందుకో పంపడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు కారుని సర్వీసుకి ఇచ్చే పని కూడా నాదే కాబట్టి తీసుకెళ్ళాను. మెకానిక్ పెద్దాయన. బానెట్ ఎత్తి చూస్తుంటే, "ఎక్కువ తాగుతోందట, నా డ్రైవింగ్ బాగాలేదట," అన్నాను.

"రోజూ ఎక్కడెక్కడికి తిప్పుతారమ్మా?"

చెప్పాను. పొద్దున్నే పాప స్కూలు, రెండు కిలోమీటర్లు. మళ్ళీ ఇంటికి. అత్తయ్య మోకాళ్ళకి ఫిజియోథెరపీ. రోడ్డంతా స్పీడ్ బ్రేకర్లు. "ఏసీ ఆపకమ్మా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా," అని దిగి, అక్కడ కనిపించినవాళ్ళందరి మోకాళ్ళ కథలూ విని, నలభై నిమిషాలకి వస్తుంది. ఎక్కగానే చల్లగా ఉండాలి. ఆ తరువాత మా ఆయన ఇస్త్రీ చొక్కాలు, కూరగాయలు, మందులు, మళ్ళీ స్కూలు. చెప్తూ చెప్తూ నాకే ఆయాసం వచ్చింది.

పెద్దాయన బానెట్ మూశాడు. "ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తున్నారు. ఆపిన చోట ఊరికే ఆన్‌లో ఉంచుతున్నారు. ఇలా తిప్పితే ఎవరి చేతిలోనైనా ఇంతే ఇస్తుందమ్మా. మీ డ్రైవింగుకేం, క్లచ్ ఇంకా కొత్తదానిలా ఉంది."

క్లచ్ కొత్తదానిలా ఉందన్న మాటకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆరేళ్ళలో, వెనక 'కానీ' అన్న మాట లేకుండా నాకొచ్చిన మొదటి మెప్పు అదే.

శుక్రవారం అత్తయ్యకి ఫిజియోథెరపీ లేదు. పాపని స్కూల్లో దింపి, బంకులో ట్యాంకు నిండా పట్టించి, ట్రిప్ మీటరు మీట నొక్కాను. ఆకాశమేమీ ఊడిపడలేదు. ల్యాబ్ దారి పట్టాను. ఊరు దాటాక రోడ్డు తిన్నగా ఉంది. కారుకి ఐదో గేరు ఉందని తెలుసుగానీ నేను వేసిన గుర్తు లేదు. వేశాను. చప్పుడు తగ్గి, హాయిగా సాగిపోయింది. ల్యాబ్ గేటు దాకా వెళ్ళి, లోపల తెల్లకోట్లు వేసుకుని తిరిగే అమ్మాయిలని చూసి, ఇంటిదాకా వచ్చి, మళ్ళీ వెళ్ళాను. లెక్క గట్టిగా తేలాలంటే రెండుసార్లు తిరగాలని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు దిగబుద్ధి కాలేదు.

తిరిగొచ్చి అదే బంకులో నింపించాను. నూట నాలుగు కిలోమీటర్లకి నాలుగున్నర లీటర్లు. లీటరుకి ఇరవై మూడు! ఆయన ఎడమ పేజీకంటే ఒకటెక్కువ. మీటరు మళ్ళీ సున్నా చేసి, కారు అరలోంచి పుస్తకం తీసి, కుడి పేజీలో పెద్దక్షరాలతో రాయబోయాను.

పెన్ను కాగితానికి ఆనుతుండగా కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీద. ఇరవై మూడు వచ్చింది కాబట్టి ఉద్యోగానికి వెళ్ళొచ్చు, పన్నెండు వస్తే వెళ్ళకూడదా? నేను చదివిన చదువుకి, ఎనిమిదేళ్ళు వంటింట్లో దాచుకున్న ఆశకి లీటర్ల కొలతేమిటి? ఆయన ఎక్కే ఆఫీసు బస్సు లీటరుకి ఎంతిస్తుందో ఈ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

పుస్తకం మూసేశాను. ఏమీ రాయలేదు. కారులో కూర్చునే ఆ పాత ఉత్తరం చెరిపేసి, సోమవారం చేరుతున్నానని ల్యాబ్‌కి పంపాను.

సాయంత్రం ట్యాంకు నింపడానికి వెళ్ళిన ఆయన, రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"మీటరు ఎవరు నొక్కారు?"

"నేనే. ల్యాబ్‌దాకా వెళ్ళొచ్చాను. సోమవారం నుంచి కారు నాతో వస్తుంది. పాపకి స్కూలు బస్సు మాట్లాడాను."

"మరి అమ్మ ఫిజియోథెరపీ?"

"సాయంత్రం ఏడింటికి మార్పించాను. అప్పటికి కారూ మీరూ ఇంట్లోనే ఉంటారు, మీరు తీసుకెళ్ళండి. ఏసీ మాత్రం ఆపకండి, ఉక్కపోత ఆవిడకి పడదు. మీ పేజీలో ఎంతొస్తుందో రాసుకోండి."

అత్తయ్య టీవీ సౌండు తగ్గించింది. ఆయన కాసేపు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. కుడి పేజీ ఖాళీగా ఉంది.

"ఇంతకీ ఎంతిచ్చింది?" అన్నాడు, గొంతు తగ్గించి.

"పన్నెండే ఇచ్చిందనుకోండి," అన్నాను. "అయినా వెళ్తాను."